భూమితి అన్నా మన రేఖాగణితమే

సంపాదకులకు నమస్కారం.

గోదావరికి ఇవతల, సిరొంచలో వడ్రంగం చేసుకునేవాణ్ణి. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, మా అమ్మాయి బడిలో చదివేది మరాఠీ. ఈ ఏడు పదో తరగతి. మహారాష్ట్రలో పదికి గణితం రెండు పేపర్లు. ఒకటి బీజగణితం, రెండోది భూమితి, చెరి 40 మార్కులు. రేఖాగణితానికే విడిగా పుస్తకం, విడిగా పరీక్ష అన్నమాట. మీ విద్యార్థుల పేజీలో వచ్చే రేఖాగణితం లెక్కలు కత్తిరించి ఆమెకు దాచి ఇస్తుంటాను. వాటి గురించే ఈ ఉత్తరం.

లెక్కలు ఒకటే, మాటలే వేరు. మన వృత్తం అక్కడ వర్తుళ్. వ్యాసార్థం త్రిజ్యా, జ్యా ఏమో జీవా. ఇవి ఒకసారి చెబితే గుర్తుంటాయి. చిక్కంతా 'ఏకరూప' దగ్గర వచ్చింది. ఒకే రూపం కదా, ఆకారం మాత్రమే కలిసే సరూప త్రిభుజాలు కాబోలు అనుకున్నాను. కాదట, ఆకారంతో పాటు కొలతలూ కలిసే సర్వసమాన త్రిభుజాలట. సరూపానికి వాళ్ళ మాట 'సమరూప'. ఇది తెలియక ఒక సాయంత్రమంతా అమ్మాయికి తప్పు చెప్పాను. మూడు భుజాలూ సమానమైతే త్రిభుజాలు సర్వసమానమనే మన భు-భు-భు నియమం వాళ్ళకు 'బాబాబా'. బాజూ అంటే భుజం. రాత్రిపూట అది వల్లెవేస్తుంటే మా అమ్మ సాయిబాబా నామం అనుకుని మంచం మీదే దండం పెట్టుకుంది.

నా చదువు ఎనిమిదితో ఆగింది. టేపు, మూలమట్టం, ఇవే నా రేఖాగణితం. చట్రం బిగించాక ఒక మూల నుంచి ఎదుటి మూలకు, తర్వాత రెండో జత మూలలకు టేపు పట్టి చూస్తాం. రెండు కొలతలూ కలిస్తే చట్రం సరిగ్గా ఉన్నట్టే. మా నాన్న నేర్పిన పద్ధతి అది. మొన్న వేసవిలో ఒక కిటికీకి అలాగే చూశాను, నూలు తేడా లేదు. తీరా రెక్కలు ఎక్కిస్తే పైన పట్టేశాయి. ఎండని కర్ర ఇచ్చాడని అడితివాణ్ణి తిట్టుకున్నాను.

అమ్మాయి కాగితం మీద ఒక బొమ్మ గీసింది. కింది భుజం పొడవు, పైది కాస్త పొట్టి, పక్కలు రెండూ సమానం. "దీనికీ కర్ణాలు సమానమే నాన్నా" అంది. (కర్ణం మాత్రం రెండు భాషల్లోనూ కర్ణమే.) కొలిచి చూస్తే పై చెక్క రెండు నూళ్ళు, అంటే పావు అంగుళం తక్కువ కోశాను. ఎదురెదురు భుజాలు సమానమై, ఆపైన కర్ణాలూ సమానమైతేనే దీర్ఘచతురస్రమట. ఎందుకని అడిగితే ఆ బాబాబాతోనే తేల్చింది. కింది భుజాన్ని ఉమ్మడిగా పెట్టుకుని, ఒక్కో కర్ణంతో ఒక్కో త్రిభుజం చూపించింది. రెండూ సర్వసమానం కాబట్టి కింది మూలలు రెండూ సమానం, ఎదురెదురు భుజాలు సమానమైతే పక్కలు సమాంతరం, అందుకని వాటి మొత్తం 180 డిగ్రీలు గనుక ఒక్కోటి 90. ఈ నిరూపణ నిరుడే బట్టీ పట్టిందట. దేనికి పనికొస్తుందో అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఏ సిద్ధాంతం ఎన్ని మార్కులకు వస్తుందో మీరు రాస్తున్నారు. అవసరమే, కాదనను. దాని కింద ఇలాంటి కిటికీ లెక్క ఒకటి వేయండి. తెలుగు మాట పక్కన మరాఠీ మాట కూడా అచ్చువేస్తే ఏటికి ఇవతలి పిల్లలకూ ఆ పేజీ అందుతుంది. మా అమ్మాయి నోటు పుస్తకం వెనక అలాంటి మాటలు రెండు వరుసల్లో రాసుకుంది. కావాలంటే నకలు తీసి పంపుతాను.

ఇట్లు
ఒక వడ్రంగి,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా