ప్రతి షాటూ రాసుకోరా

విశాఖపట్నం

ఒరేయ్ శీనూ,

గోల్కొండ కోట పక్కన గోల్ఫ్ మొదలుపెట్టావని తెలిసి ఎంత సంతోషమేసిందో! దూరాలు చూపించి షాట్లు దాచిపెట్టే, చేతిలో పట్టుకునే జీపీఎస్ మెషీన్ కొనాలా, స్కోరు కార్డూ పెన్సిలూ చాలవా అని అడిగావు కదా. కొనురా. అయితే దూరాలు చూసుకోవడానికి మాత్రమే కాదు, షాట్లు ఎక్కడ వృథా అవుతున్నాయో పట్టుకోవడానికి కొను.

ఇక్కడ ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో మాతో ఆడే పెద్దాయన ఒకరున్నారు, పోర్టులో చేసి రిటైరయ్యారు. రౌండయ్యాక టీ తాగుతూ ఎప్పుడూ ఒకటే మాట: "పటింగే నా కొంప ముంచుతోంది బాబూ." పటింగ్ అంటే తెలుసుగా, గ్రీన్ మీద, అదే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, బంతిని గుంటలోకి దొర్లించడం. ఓ రోజు ఆయన మెషీన్‌లో పాత రౌండ్లు తెరిచి చూశాం. పట్లకేం ఢోకా లేదు. గ్రీన్ మీదికి కొట్టే షాట్లే దాదాపు అన్నీ ముందే పడిపోతున్నాయి! తెర మీద గ్రీన్ ముందంచు 138 గజాలు, మధ్య 150, వెనకంచు 163 అని కనిపిస్తే, ఆయన మొదటి అంకెకి సరిపడే క్లబ్ (బంతి కొట్టే కర్ర) తీస్తున్నారు. బంతి బాగా తగిలితే అంచుకు చేరుతుంది, ఏమాత్రం తగ్గినా బంకర్లోకే, అంటే ఇసుక గుంటలోకే. ఇప్పుడు మధ్య అంకె చూసి ఇంకాస్త దూరం కొట్టే క్లబ్ తీస్తున్నారు. ఆ ముఖంలో వెలుగు చూడాలి నువ్వు!

పట్ల లెక్క ఒక్కటే చూసుకుంటే ఇలాగే దారి తప్పుతాం. గ్రీన్ తప్పినవాడు పక్క నుంచి చిన్నగా లేపి గుంట దగ్గరికి కొట్టి (చిప్ చేసి) ఒక్క పట్‌తో ముగిస్తాడు. నలభై అడుగుల దూరంలో గ్రీన్ ఎక్కినవాడికి రెండు పట్లు పడతాయి. రెండోవాడు ఎక్కువ పట్లు ఆడాడు, కానీ గ్రీన్‌కి కొట్టిన షాట్ అతనిదే మంచిది. ఈ చిక్కు విప్పడానికే కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ 'స్ట్రోక్స్ గెయిన్డ్' లెక్క తెచ్చారు. అమెరికాలో ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ 2011లో దాన్ని పటింగ్‌తో మొదలుపెట్టింది. టూర్ ఆటగాళ్లకి ఎనిమిది అడుగుల నుంచి సగటున ఒకటిన్నర పట్లు పడతాయి. నువ్వు ఒక్కదాంట్లో వేశావా, అర షాట్ లాభం. రెండు తీసుకుంటే అర నష్టం. ప్రతి షాట్‌నీ ఇలాగే తూచవచ్చు.

ఆటగాడి స్థాయి చెప్పే అంకె, అదే హ్యాండిక్యాప్, చాలు కదా అంటావేమో. 2020 నుంచి వచ్చిన పద్ధతిలో చివరి 20 రౌండ్లలో మంచివి 8 తీసుకుంటారు. నువ్వెంత ఆడగలవో అది చెబుతుంది, ఎక్కడ పోగొడుతున్నావో చెప్పదు.

వాడేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. షాట్ ముందు దూరం చూసి జేబులో పెట్టేయ్. స్కోరు, పట్లు, మొదటి షాట్ ఫెయిర్‌వే (మధ్యలో కోసిన గడ్డి దారి) మీద పడిందా, పెనాల్టీ ఉందా, ఇవన్నీ గ్రీన్ దిగి తరువాతి టీకి (హోల్ మొదలుపెట్టే చోటుకి) నడుస్తూ నొక్కు. గ్రీన్ మీదే నిలబడి నొక్కుతుంటే వెనక వాళ్లకి చిరాకు. పోటీల్లో ఎత్తుపల్లాలు కొలిచే స్లోప్ మాత్రం ఆపేయాలి, రూల్ ఒప్పుకోదు. గాలి కొలిచే పరికరాలూ కుదరవు. ఇక్కడ సముద్రపు గాలి సంగతి మా బ్యాగులు మోసే క్యాడీలని అడిగితే చాలు, చిటికెలో చెప్పేస్తారు.

మొదటి కొన్ని రౌండ్లలో స్కోరు ఎంతొచ్చిందని బెంగపడకు. అన్నీ రాసి పంపు, ఫోన్‌లో కూర్చుని ఇద్దరం ఒక్కో హోల్ చూద్దాం. సంక్రాంతికి వచ్చేటప్పుడు మెషీన్ ఛార్జర్ మర్చిపోకు.

నీ
రాంబాబు