ఏడో దెబ్బ తర్వాత

చిట్టితల్లీ,

పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ పాట 'మనీ'కి తాళం వేస్తుంటే ప్రతిసారీ చెయ్యి వెనకబడుతోందన్నావు. నీ చెవిలో లోపమేం లేదు, అది అలవాటు చేసే పని. మనం వినే పాటలు చాలావరకు నాలుగు, ఎనిమిది లెక్కల్లో నడుస్తాయి. అందుకే చెయ్యి ఎనిమిదో దెబ్బ కోసం ఆగుతుంది. 1973లో వచ్చిన ఆ పాటలో ఆ దెబ్బే లేదు, ఏడు కాగానే మళ్లీ ఎత్తుగడ.

కాలితో తాళం వెయ్యకు. కుడి, ఎడమ అంటూ కాలు జంట లెక్కలోకి లాగేస్తుంది. నోటితో చెప్పు. నువ్వు నేర్చుకున్న ఏడు లెక్కల తాళం మిశ్రచాపు 'తకిట తకధిమి' కదా, దాన్ని తిరగేసి 'తకధిమి తకిట' అను. డ్రమ్స్‌ని కాదు, బేస్ గిటార్‌ని పట్టుకో. మొదట్లో వచ్చే చిల్లర గలగలలు, కాగితం చింపిన చప్పుడు, గల్లాపెట్టె మోత కూడా ఏడు ముక్కల టేపే, లెక్క అక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు. శాక్సఫోన్ ఏడులోనే సాగుతుంది. గిటార్ సోలో రాగానే పాట నాలుగుకి మారుతుంది. తామే తప్పామనుకుని చాలామంది అక్కడే ఆపేస్తారు. నువ్వు ఆపకు, తర్వాత ఏడు మళ్లీ వస్తుంది.

అది కుదిరాక రష్ బ్యాండ్ వాళ్ల 'వైవైజెడ్' (1981) పట్టు. ఆ పేరు టొరంటో ఎయిర్‌పోర్టు కోడు. మొదటి లయ ఆ మూడు అక్షరాల మోర్స్ సంకేతమే. వై అంటే గీత, చుక్క, గీత, గీత. జెడ్ అంటే గీత, గీత, చుక్క, చుక్క. గీతకి రెండు మాత్రలు (దెబ్బలో నాలుగో వంతు ఒక మాత్ర), చుక్కకి ఒకటి వేసుకో. 7, 7, 6 కలిపి 20. అంటే ఐదు దెబ్బలు, దెబ్బకొక 'తకధిమి'. చిక్కల్లా ఏమిటంటే, రెండో వై ఎనిమిదో మాత్ర మీద, అంటే రెండో దెబ్బలోని 'మి' మీద ఎత్తుకుంటుంది. జెడ్ నాలుగో దెబ్బలోని 'ధి' మీద. చెయ్యీ నోరూ ఒకేసారి మొదలెడితే సరిగ్గా ఆ 'మి' దగ్గరే చెయ్యి నోటి వెంట జారిపోతుంది. ముందు నోటితో గట్టిపడనీ, ఆ తర్వాతే చెయ్యి కలుపు. ఇంత అందమైన లెక్క రాక్ సంగీతంలో అరుదు.

స్వీడన్ బ్యాండ్ మెషుగ్గా పాటల్లో గిటార్ వెంట పడొద్దు. ఎక్కువగా కుడిచేతి సింబల్ నాలుగు దెబ్బలు చెదరకుండా కొడుతుంటుంది, దాన్నే వదలకు. గిటార్ ముక్క మాత్రం బేసి లెక్క. ఉదాహరణకి 64 మాత్రల్లో ఐదు మాత్రల ముక్క పన్నెండుసార్లు పడితే నాలుగు మిగులుతాయి. ఆఖరి ముక్కని అలా కత్తిరించి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, చేరుస్తారు. కోర్వై (మూడుసార్లు పలికి సమానికి చేరే లయ ముగింపు) కట్టేవాళ్లకి ఈ లెక్క కొత్తేం కాదు.

హెవీ మెటల్‌కి మొదలు బ్లాక్ సబ్బాత్ బ్యాండ్. 1970 నాటి వాళ్ల తొలి ఆల్బమ్‌లో మొదటి పాట రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ ముక్క) మూడే స్వరాలు: స, పై స, దిగి పంచమానికి ఒక్క మెట్టు కింద ఉండే ప్రతి మధ్యమం. పంచమం వస్తుందనుకున్న చెవికి అది అందకపోవడంలోనే ఆ భయమంతా ఉంది. గిటారిస్ట్ టోనీ అయోమీకి ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతివాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ చేత్తోనే. వేళ్లకి ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు వాడాడు. 1971 ఆల్బమ్‌లో కొన్ని పాటలకి శ్రుతి మూడు స్వరస్థానాలు దించాడు. నువ్వు మామూలు తీగలతో అంత దించితే అవి వదులై ఫ్రెట్‌లకి తగిలి జరజరలాడతాయి. ఒక సైజు లావు తీగలు వేయించు.

ఒక్కటి మాత్రం తప్పక విను. 85 డెసిబెల్స్ చప్పుడు రోజుకి ఎనిమిది గంటలు వినొచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. కచేరీకి చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్స్ తీసుకెళ్లు. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకో. పైపైన పెడితే పెట్టనట్టే.

ఆదివారం ఫోన్‌లో ఆ ఇరవై మాత్రలూ నోటితో చెప్పి వినిపించు.

మీ నాన్న