క్యాష్‌బ్యాక్ బోర్డు: ఈ నెల నుంచి ఏం మారుతుందంటే

మా షాపులో ఇకపై "ఇంత క్యాష్‌బ్యాక్" అని బోర్డు పెడితే, ఆ డబ్బు ఎవరిస్తారో, ఎన్నాళ్లకిస్తారో, ఏ షరతు తప్పితే రాదో కూడా ఆ బోర్డు మీదే, అవే అక్షరాల సైజులో, తెలుగులో రాస్తాం. ఇందులో మా ఉదారత ఏమీ లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదే ఇది. పైన తెలుగులో బండంత "10 శాతం", అడుగున చీమతలకాయంత ఇంగ్లీషు షరతులు చెల్లవు.

డిస్కౌంట్, క్యాష్‌బ్యాక్ కలిపేసి ఒక్క "చివరి ధర" చెప్పడం కూడా మానేస్తున్నాం. డిస్కౌంట్ బిల్లులోనే తగ్గుతుంది, జీఎస్టీ తగ్గిన ధర మీదే పడుతుంది. క్యాష్‌బ్యాక్‌లో పూర్తి ధర, దాని మీద పన్ను మీరు ముందు కడతారు, బ్యాంకో కంపెనీయో తర్వాత వేస్తుంది. వాళ్లు వేసేదాకా అది మీ డబ్బు కాదు.

బ్యాంకు ఆఫర్లలో దెబ్బ తగిలేది "గరిష్ఠం" అన్న మాట దగ్గర. ఉదాహరణకు టీవీ 40,000 రూపాయలు, ఆఫర్ 10 శాతం, గరిష్ఠం 2,000, కనీస స్వైప్ 20,000 అనుకుందాం. 4,000 వస్తుందనుకుంటారు, వచ్చేది 2,000. పోనీ అని 25,000, 15,000గా రెండు కార్డుల మీద కడితే రెండోదానికి కనీస మొత్తమే లేదు, పైసా రాదు. కొన్ని ఆఫర్లు ఈఎంఐకే వర్తిస్తాయి, మధ్యలో ఈఎంఐ మూసేస్తే ఇచ్చింది వెనక్కి లాగేసుకునేవీ ఉన్నాయి. "నో కాస్ట్" (వడ్డీ భారం ఉండదని చెప్పే) ఈఎంఐలోనూ బ్యాంకు లెక్కేసే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీ మీదే.

కంపెనీ ఇచ్చే క్యాష్‌బ్యాక్ ఎక్కువగా కాగితాల దగ్గరే పోతుంది. బిల్లులోని సీరియల్ నంబరు, పెట్టె మీది నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. క్లెయిమ్ గడువుకు చాలా స్కీముల్లో బిల్లు తేదీ నుంచే లెక్క, ఇన్‌స్టలేషన్ తేదీ నుంచి కాదు. పెట్టెను ఆ రోజే పాత సామాన్లవాడికి వేయకండి, బార్‌కోడ్ ఫొటో అడుగుతారు. నంబరు మేం తప్పు వేస్తే బిల్లు సరిచేసి ఇచ్చే బాధ్యత మాది. గడువు దాటితే మాత్రం మేమూ ఏమీ చేయలేం.

"ఉచితం" సంగతి: ధరలో కలిపేసిన వస్తువును ఊరికే ఇస్తున్నట్టు చూపడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. స్టెబిలైజర్ ఉచితమంటే, అది వద్దంటే ఏసీ ధర ఎంత తగ్గుతుందో అడగండి. తగ్గితే అది ఉచితం కాదు. మా దగ్గరా ఇదే పరీక్ష పెట్టండి.

లోపమున్న సరుకు వెనక్కిచ్చి డబ్బు తీసుకునే గడువు బిల్లు మీద ఉంటుంది. రాయకపోతే 30 రోజులు. మీకు అప్పటికే జమైన క్యాష్‌బ్యాక్ ఆ డబ్బులోంచి తగ్గుతుంది.

రావాల్సింది రాకపోతే బోర్డు ఫొటో, బిల్లు, క్లెయిమ్ నంబరు దగ్గర పెట్టుకుని ముందు ఆ క్యాష్‌బ్యాక్ ఇవ్వాల్సినవాళ్లను రాతపూర్వకంగా అడగండి, మాకూ ఒక కాపీ ఇవ్వండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.