వెయ్యి డోసుల సీసా, 300 కోడిపిల్లలు

జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారి గారికి,

నమస్కారం సార్. ఎకరంన్నర పొలం పక్కన రేకుల షెడ్డేసి 300 బాయిలర్ పిల్లల్ని దించాం. తొలివారం పిల్లలకు వెచ్చదనమిచ్చే బ్రూడర్ కింద 35 డిగ్రీల వేడి ఉండాలి. ఓ రాత్రి కరెంటు పోయింది. పిల్లలన్నీ మూలకు చేరి ఒకదానిమీదొకటి ఎక్కాయి. తెల్లారేసరికి అడుగున నలభై చచ్చున్నాయి. వరి ఊకలోంచి ఏరుతూ మా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు.

జాతీయ పశుధన మిషన్‌లో సగం సబ్సిడీ ఉంది, నిజమే. అది వెయ్యి తల్లికోళ్లతో, గుడ్లు పొదిగించే హేచరీ పెట్టేవాళ్లకు. మేమడిగేది చిన్నది. కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా కలిపాక గంటల్లో వాడేయాలి. ఇక్కడ దొరికేది వెయ్యి డోసుల సీసా, మిగతాది పారబోతే! ఊళ్లో నలుగురం ఒకేరోజు పిల్లల్ని దించుకుంటాం. ఏడోరోజున నలుగురికీ కలిపి ఐస్‌పెట్టెలో ఒక్క సీసా పంపించండి. అమ్మగా మిగిలిన కోళ్లు మా పిల్లల కంచాల్లోకే వస్తాయి.

ఇట్లు,
ఓ సన్నకారు రైతు