నేనే అంటోంది నీ మనవరాలు

బెర్లిన్,
నవంబరు 23, 2025

అమ్మకు నమస్కారాలు.

ఉభయకుశలోపరి. పోయిన ఆదివారం నువ్వు అడిగిన మాటకు ఫోనులోనే జవాబు చెప్పి ఉండవలసింది గాని, పాప ఫోను లాక్కొని సోఫా వెనకాల పడేయడంతో మాట అక్కడే తెగిపోయింది. ఇక్కడ ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉంటాయి కనుక బయటి పనులేమీ లేవు. తల్లీకూతుళ్ళిద్దరూ మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. ఈ గంటన్నరలో రాయగలిగినంత రాస్తాను.

"రెండేళ్ళ పిల్ల మెతుకులన్నీ కింద పోసుకుంటుంటే మీరిద్దరూ చూస్తూ కూర్చున్నారేమిటిరా, ముద్ద కలిపి నోట్లో పెట్టలేరా?" అన్నావు. నీ గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువగా వినిపించింది. అందుకే నాలుగు మాటలతో సరిపెట్టకుండా మొదటినుంచీ చెబుతున్నాను.

పాప పదమూడో నెలలోనే పిల్లల బడికి వెళ్ళడం మొదలుపెట్టిందని నీకు తెలుసు. ఇక్కడ దానిని కీటా అంటారు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ అందులో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలోనే ఉంది. బెర్లిన్‌లో ఫీజు లేదు, భోజనానికి మాత్రం నెలకు 23 యూరోలు కడతాము. తల్లిదండ్రులిద్దరూ పంచుకుంటే పద్నాలుగు నెలలపాటు ప్రభుత్వం జీతంలో కొంత భాగం ఇస్తుంది గనుక మొదటి పన్నెండు నెలలు నీ కోడలూ, తరువాతి రెండు నెలలు నేనూ సెలవు పెట్టాము. పాపను కీటాకు అలవాటు చేయడం నా వంతుకు వచ్చింది. మన వైపు మొదటి రోజే బడిలో దించేసి, పిల్ల ఏడుస్తుంటే వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. ఇక్కడ అలా ఒప్పుకోరు. మొదటి మూడు రోజులు నేను కూడా ఆ గదిలోనే, మోకాలెత్తు కుర్చీలో, పెదవి విప్పకుండా కూర్చోవాలి. నాలుగో రోజున టీచరు నన్ను పాపకు చెప్పి బయటికి వెళ్ళమంది. చిన్న చిన్న కోట్లు వేలాడుతున్న నడవలో నిలబడి తలుపు అద్దంలోంచి చూశాను. ఆవిడ పాప ముందు జావ గిన్నె పెట్టి, చేతికి చెంచా ఇచ్చి, తన పని తాను చూసుకుంటోంది. పాప చెంచాను తలకిందులుగా పట్టుకొని ఎంతోసేపు గిన్నె అడుగు గీకింది, ఒక్క చుక్కా నోటికి చేరలేదు. లోపలికి వెళ్ళి నేనే పెడదామని చెయ్యి తలుపు పిడి మీద కూడా వేశాను. అంతలో అది చెంచా పక్కన పడేసి, గిన్నెలో అయిదు వేళ్ళూ ముంచి, ముఖమంతా పూసుకుంటూ తినడం మొదలుపెట్టింది. ఆవిడ వారించలేదు, నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు.

ఇప్పుడు పాపకు చెంచా తిన్నగా పట్టడం వచ్చింది. తిన్న కంచం తానే తీసుకువెళ్ళి బల్ల మీద పెడుతుంది. అన్నం కింద పడటం నిజమే. అయితే ఒకటి చెప్పనా అమ్మా, ఊరికే చూస్తూ కూర్చోవడం కన్నా ముద్దలు చేసి నోట్లో పెట్టడమే మాకు సుఖం. పెడితే పది నిమిషాల్లో అయిపోతుంది, వదిలేస్తే నలభై నిమిషాలు, ఆపైన నేల తుడుపు. ఇది నిర్లక్ష్యం అనుకుంటావేమోనని చెబుతున్నాను గాని, నాకు మాత్రం ఇది నా ఓపికకు పెట్టిన పరీక్షలాగే ఉంది.

చందమామను చూపించి పెట్టమన్నావు. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు గూకదు, పాప ఏడున్నరకే పడుకుంటుంది. నవంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది గాని, ఆకాశం నెలకు సగం రోజులు ముతక దుప్పటి కప్పుకొనే ఉంటుంది. కనుక మన డాబా మీద నువ్వు నాకు పెట్టినట్టు పెట్టే వీలు లేదు. అయినా నీకు ఇంకా చెప్పని సంగతి ఒకటుంది. రాత్రిపూట పెరుగన్నం మాత్రం నీ కోడలు చేత్తోనే పెడుతుంది. ఇది మామ్మకు, ఇది తాతయ్యకు అంటూ ఊరి వరస పెట్టి ముద్దలు లెక్కపెడుతుంది. మామ్మ ముద్దకు పాప నోరు తెరుస్తుంది, తాతయ్య ముద్దకు తల అటు తిప్పేస్తుంది. ఈ మాట నాన్నగారికి చదివి వినిపించవద్దు.

అక్టోబరులో రెండేళ్ళ పరీక్షకు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాము. ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ పసుపుపచ్చ అట్ట పుస్తకం ఒకటి ఇస్తారు. ఏ వయసులో ఏ పరీక్ష చేశారో అంతా అందులో రాస్తారు. బరువు, ఎత్తు, నడక అన్నీ చూశాక డాక్టరు, రెండు మాటలు కలిపి మాట్లాడుతోందా అని అడిగారు. మాట్లాడుతోంది గాని ఎలా చెప్పాలో నాకు తోచలేదు. పాపకు అన్నం ఇంకా కావాలంటే "మేర్ బువ్వ" అంటుంది. మేర్ అంటే జర్మన్‌లో ఇంకా అని. సగం తణుకు, సగం బెర్లిన్. ఆ వాక్యాన్ని ఏ ఖాతాలో వేయాలని నేను అడిగితే డాక్టరు నవ్వి, రెండు భాషల మాటలూ కలిపే లెక్కపెట్టాలన్నారు. ఆ లెక్కన పాపకు మాటలు బాగానే ఉన్నాయి. "దానికి తెలుగు రాకుండా పోతుందిరా" అని నువ్వు దిగులు పడుతున్నావు కనుక ఇంతగా చెప్పాను. ఇంట్లో మేము తెలుగు తప్ప వేరే మాట్లాడము. స్నానం లాలే, దేవుడు జేజే, భయపెట్టేవాడు బూచాడే.

అన్నిటికన్నా ఎక్కువగా వాడే మాట "నేనే". సాక్సు తొడగబోతే నేనే, జిప్పు వేయబోతే నేనే. కీటాలో అదే మాటను జర్మన్‌లో "అలైనె" అంటుందట. వానలో ఆడనిస్తారని నువ్వు కంగారుపడ్డావు గదా, అందుకు వేరే దుస్తులున్నాయి. రబ్బరు బూట్లు, పైనుంచి కిందిదాకా తడి దిగని ప్యాంటు, దాని మీద కోటు. వాన పడినా పిల్లలను బయటికి తీసుకువెళ్ళి బురదలో కూర్చోనిస్తారు. లోపలి స్వెట్టరు నుంచి చేతి తొడుగుల దాకా తొడిగేసరికి ఇరవై నిమిషాలు పడుతుంది. అన్నీ తొడిగాక పాప నిశ్శబ్దమైపోయి ఒక మూల నిలబడి ముఖం ఎర్రగా చేస్తుంది. అంటే మళ్ళీ అన్నీ విప్పాలన్నమాట.

జలుబు సంగతి దాచను. మొదటి చలికాలమంతా నెలకు రెండుసార్లు జ్వరం వచ్చింది, కీటాలో ఒకరికి వస్తే అందరికీ వస్తుంది. ఈ ఏడాది పిల్ల జబ్బు పడితే తల్లికి పదిహేను రోజులు, తండ్రికి పదిహేను రోజులు సెలవు ఉంటుంది, మావి దాదాపు అయిపోవచ్చాయి. సాయంత్రం రొట్టె, చీజు తిని చల్లగా పడుకునే ఇక్కడి పద్ధతి మాత్రం నాకు ఎప్పటికీ రుచించదు, జ్వరం వచ్చిన పిల్లకు మిరియాల చారన్నమే. పుట్టినరోజు నాడు దిష్టి తీయమన్నావని నీ కోడలు ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పెనం మీద వేసింది. గదిలో పొగను కనిపెట్టే యంత్రం కూత పెట్టి కింది ఇంటి పెద్దాయన పైకి పరుగెత్తుకొచ్చారు. దిష్టి అంటే ఏమిటో ఆయనకు జర్మన్‌లో చెప్పలేక, వంట మాడిందన్నాను.

మా ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, డెబ్బై ఆరు మెట్లు. రెండు చేతులా సరుకుల సంచులతో నేను పైన, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి "ఒకటి, రెండు, ద్రై" అంటూ కింద పాప. మూడు దగ్గర ఎప్పుడూ భాష మారుతుంది. మెట్ల దారిలో లైటు కొద్ది నిమిషాలు వెలిగి దానంతటది ఆరిపోతుంది. పెద్దవాళ్ళు పైకెక్కడానికి ఆ వెలుగు చాలు, పాప నడకకు చాలదు. రెండో అంతస్తు దాటేసరికి చీకటి. గోడ మీద ఎర్రగా మినుకుమనే స్విచ్ దగ్గరికి దాన్ని ఎత్తిపట్టుకోవడం ఇన్నాళ్ళూ నా పని. మొన్న గురువారం సంచులు కింద పెట్టి ఎత్తబోయాను. నా చేయి తోసేసి "నేనే" అంది. మునివేళ్ళ మీద నిలబడింది, అందలేదు. కోటు బరువుకు ఒకసారి కూలబడింది. మళ్ళీ లేచి, గోడకు చెంప ఆనించి, చూపుడు వేలు చాచింది. ఈసారి వెలిగింది. నేను మాట్లాడకుండా సంచులు అందుకున్నాను.

మే నెలలో నువ్వూ నాన్నగారూ వచ్చేసరికి అది ఆ మెట్లన్నీ మీకన్నా ముందు ఎక్కేస్తుంది. వీసా మీద తొంభై రోజులు ఉండవచ్చు, తొందరగా తిరుగు టిక్కెట్టు తీసుకోవద్దు. కందిపొడి, ఉసిరికాయ పచ్చడి తీసుకురా. నెయ్యి మాత్రం పెట్టెలో పెట్టకు, పాల పదార్థాలు ఇక్కడికి తేనివ్వరు, విమానాశ్రయంలో పారేయిస్తారు. ఉప్పు లేని వెన్న కొని మేమే కాచుకుంటున్నాము, కొంచెం మాడినా పనికొస్తోంది.

పాప లేచినట్టుంది, మంచం దిగడానికి ఎవరూ సాయం రాకూడదట, కేక వినిపిస్తోంది.

ఇట్లు,
నీ కొడుకు