పేరు కూడా అడగలేకపోయిన ఆ పెద్దమ్మకు

అమ్మకు జ్వరం తగ్గింది. పొద్దున రెండు ఇడ్లీలు తింది. ఫోన్లు చేసిన అందరికీ ఇక్కడే చెబుతున్నాను, విడివిడిగా మాట్లాడే ఓపిక లేదు, ఏమనుకోవద్దు.

క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కించిన రెండో వారం, రాత్రిపూట అమ్మకు జ్వరం 102 దాటింది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు "కీమో పేషెంటును మేం ముట్టుకోం, హైదరాబాద్ తీసుకెళ్లండి" అన్నారు. సుమారు 130 కిలోమీటర్లు. అక్కడ ఒక పెద్ద ఆస్పత్రిలో ముందు బెడ్ లేదన్నారు, తర్వాత డిపాజిట్ ఎంత కడతారని అడిగారు! చివరికి ఇంకో చోట క్యాజువాలిటీలో, జ్వరమని చెబితే చీటీ రాసి కూర్చోమన్నారు.

గోడ పక్కన దుప్పటి పరుచుకుని ఉన్న ఒక పెద్దమ్మ అమ్మ తలకు కట్టిన స్కార్ఫ్ చూసింది. "కీమో నడుస్తుందా బిడ్డా? ఉత్త జొరమంటే పొద్దుగాల దాంక కూసోబెడ్తరు" అని, నేను లేచేలోపే తనే డ్యూటీ డాక్టరు దగ్గరికి వెళ్లి గట్టిగా చెప్పింది. ఆయన పరుగున వచ్చారు. రక్తంలో క్రిములున్నాయేమో చూసే బ్లడ్ కల్చర్ పరీక్షకు రక్తం తీసి, యాంటీబయాటిక్ ఎక్కించారు. నేను శాంపిల్ పట్టుకుని ల్యాబుకు పోయి వచ్చేసరికి ఆమె అమ్మ కాళ్లు ఒత్తుతోంది. లోపల ఆమె భర్తకు కూడా సీరియస్సేనట. అంతదాకా టెన్షన్‌లో రాని ఏడుపు అప్పుడొచ్చింది. తెల్లారాక వెతికితే కనబడలేదు.

కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య, క్రిములతో పోరాడే తెల్లకణాలు రక్తంలో బాగా పడిపోతాయట. అప్పుడు 100.4 వచ్చినా ఎమర్జెన్సీయే, ఆస్పత్రికి చేరిన గంటలోపు మందు పడాలని డాక్టరుగారు చెప్పారు. మాకు ఆస్పత్రులు తిరగడానికే రాత్రంతా పోయింది. డిశ్చార్జి కాగితం మీద "జ్వరమొస్తే వెంటనే రావాలి" అని రాస్తారు. ఎక్కడికి రావాలి సార్? దగ్గర్లోని ఆస్పత్రిలో మొదటి డోసు వేసి పంపితే ఏం పోతుంది?

తమ్ముడు, మా ఆవిడ, చిన్నమ్మ ఉన్నారు, వాళ్లకు వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు.

అన్నట్టు, అర్ధరాత్రి కారు తీసి డీజిల్ డబ్బులు కూడా తీసుకోని పక్కింటి సార్‌కు, ప్లేట్‌లెట్స్ ఇచ్చిన తమ్ముడి ఫ్రెండ్స్‌కు దండాలు. నరం దొరక్కపోయినా విసుక్కోని నైట్ డ్యూటీ సిస్టర్‌కు కూడా. ఇంకెవరినైనా మర్చిపోతే తిట్టుకోండి, నిద్ర లేదు.