పేగు క్యాన్సర్ మార్కర్ టెస్టులు వరంగల్‌లనే చేయాలె

ఎడిటర్ గారికి నమస్కారం,

పాత సెంట్రల్ జైలు జాగల లేచిన 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ గురించి ఎప్పుడు చూసినా బెడ్ల లెక్కే వినబడుతది గని లోపల ల్యాబ్ ఎట్లుంటదో ఎవ్వరు ఎత్తుతలేరు.

పెద్దపేగు క్యాన్సర్‌కు బయాప్సీ రిపోర్ట్ వచ్చుడుతోనే పని అయిపోదు. ఆ గడ్డకు ఎంఎంఆర్ టెస్ట్ (కణాలల్ల డీఎన్ఏ తప్పులు సరిచేసే ప్రొటీన్లు ఉన్నయా లేవా చూసేది) చేయాలె, లివర్‌కో ఊపిరితిత్తులకో పాకితే కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్ జీన్లు గూడ చూడాలె, ఏ మందు పని చేస్తదో చెప్పే మార్కర్లు ఇవే. పాకిన కేసులల్ల దగ్గర దగ్గర 40 శాతం మందికి కేరాస్‌ల మార్పు ఉంటది, వాళ్లకు సెటక్సిమాబ్ పని చెయ్యదు, అంత ఖరీదు మందు ఎక్కిస్తే పైసలు దండుగ, పైనుంచి ఒళ్లంత దద్దుర్లు. బీరాఫ్‌ల వీ600ఈ మార్పు ఉన్నదంటే జబ్బు మొండిది, జల్ది ముదురుతది. అదే ఎంఎంఆర్ దెబ్బతిన్నదని వస్తే, రెండో స్టేజిల ఐతే తిరగబెట్టే భయం తక్కువ, వట్టి 5-ఎఫ్‌యూ కీమోతోని లాభం లేదు, పాకినాంక ఐతే ఇమ్యూనోథెరపీ (ఒంట్లె రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి లేపే మందు) చాలామందికి మంచిగ పని చేస్తది. ఇంట్ల అన్నదమ్ములు, పిల్లలు గూడ లించ్ సిండ్రోమ్ (వంశంల వచ్చే పేగు క్యాన్సర్ ముప్పు) ఉన్నదా అని చూపించుకోవచ్చు. సీఈఏ అనే క్యాన్సర్ ప్రొటీన్ చూసే రక్త పరీక్ష ఒక్కటి చేసి ఊకుంటే ఇవేవీ తెల్వయి, సిగరెట్ తాగేటోళ్లకు జబ్బు లేకున్నా అది కొంచెం ఎక్కువనే ఉంటది.

మా చిన్నాయనకు ఆపరేషన్ అయినాంక గడ్డ ముక్క పెట్టిన మైనం బ్లాక్, స్లైడ్లు జిప్ కవర్ల పెట్టుకొని కాజీపేటల రైలెక్కి హైదరాబాద్ పోయినం, రిపోర్ట్ వచ్చేదాక ఏ కీమో ఇయ్యాల్నో తేల్చకుండ డాక్టర్ ఆగిండు. మేమంటే పోయినం, ములుగు, భూపాలపల్లి దిక్కు కూలి చేసుకునేటోళ్లు ఏం చేస్తరు?

ఆస్ట్రేలియాల రెండో స్టేజి పేషంట్ల రక్తంల గడ్డ డీఎన్ఏ ఉన్నదా లేదా చూసి కీమో ఇచ్చిన్రు, 2022ల రిజల్ట్ వచ్చింది, కీమో పడ్డోళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గిన్రు, జబ్బు తిరగబెట్టుడు మాత్రం పెరగలె. అంతటిది ఇప్పుడే కావాలె అంటలేను. ఎంఎంఆర్ అంటే నాలుగు ప్రొటీన్లకు రంగు వేసి మైక్రోస్కోప్‌ల చూసుడే, 1959 నుంచి నడుస్తున్న కాకతీయ మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్లె ఇది పెద్ద పనా?

ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్‌ల 10 లక్షలు చేసిన్రు, మంచిదే. ఈ టెస్టులు దాంట్ల వస్తయా అని అడిగితే మాత్రం కౌంటర్ కాడ ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నరు. కొత్త హాస్పిటల్‌ల జీన్ టెస్టులు చేసే మాలిక్యులర్ ల్యాబ్ ఉంటదా, పాథాలజిస్ట్ పోస్టులు ఎన్ని ఇస్తున్నరు అనేది ఆరోగ్యశాఖను మీ రిపోర్టర్ అడిగి రాస్తే మంచిగుంటది.

– ఒక పాఠకుడు, హనుమకొండ